జాన్‌స్టన్ కౌంటీలో మొదటి ఇల్లు: 15,000 డాలర్ల డౌన్ పేమెంట్ సహాయం తీసుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మారిస్‌విల్_అద్దెదారు
అందరికీ నమస్కారం. నార్త్ కరోలినా మారిస్‌విల్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. ఇద్దరు పిల్లలు, ప్రస్తుతానికి జీతం నాదొక్కడిదే. ఈ మధ్యే గ్రీన్ కార్డులు వచ్చాయి, మా ఆవిడ ఇప్పుడిప్పుడే ఉద్యోగం వెతుక్కుంటోంది. వేక్ కౌంటీలో నచ్చినవి మా బడ్జెట్‌లో లేవు, బడ్జెట్‌లో ఉన్నవి చూడబుద్ధి కాలేదు. అందుకే జాన్‌స్టన్ కౌంటీకి దిగాం. క్లేటన్ చుట్టుపక్కల 3,20,000 డాలర్ల లోపు చూస్తున్నాం. చేతిలో ఉన్నది 18,000. నార్త్ కరోలినా హౌసింగ్ ఫైనాన్స్ ఏజెన్సీ మొదటిసారి కొనేవాళ్లకి 15,000 ఇస్తుందని ఆఫీసులో ఒకాయన చెప్పారు. ఊరికే ఇస్తారంటే నమ్మబుద్ధి కావట్లేదు. తిరకాసు ఎక్కడుందో, తీసుకున్నవాళ్లు కాస్త చెప్పండి.

పాలమూరు_పోరడు
అన్నా, నేను గా స్కీముల్నే కొన్న, క్లేటన్‌లనే. ఊరికె ఇయ్యరు గని వడ్డీ ఉండది. ఇంటి మీద రెండో మార్ట్‌గేజ్ లెక్క రాసుకుంటరు. నెలనెలా కట్టేదేం లేదు. పదేండ్లు అట్లనే ఉంటది. 11వ ఏడు ఆఖర్ల 20 శాతం మాఫీ, ఆ తర్వాత ఏటా ఇంకో 20. 15 ఏండ్లు నిండితే మొత్తం పోతది. నడుమల ఇల్లు అమ్మినా, రీఫైనాన్స్ చేసినా (పాత లోన్ తీర్చి కొత్తది తీస్కున్నా), వేరేటోళ్ల పేరు మీదికి మార్చినా మిగిలినది కట్టాలె. క్రెడిట్ స్కోర్ 640 ఉండాలె. ఇల్లు కొనేటోళ్ల కోసం ఆన్‌లైన్ క్లాసు ఒకటుంటది, అది చెయ్యాలె. జీతానికీ, ఇంటి ధరకూ పరిమితులున్నయి. నీది ఒక్క జీతమే అంటున్నవ్, ముందుగాల గది చూస్కో. మా ఆమెకు జాబ్ రాకముందు మేము అప్లై చేసినం, లేకుంటే దాటిపోతుండె.

లోన్_ఫైళ్లు
ఇదే రాష్ట్రంలో లోన్ ప్రాసెసింగ్‌లో పనిచేస్తాను. పైన తమ్ముడు చెప్పినవన్నీ సరే. కొత్తవాళ్లకి చిక్కు వచ్చేది ఇంకోచోట. ఆ 15,000 వచ్చేది క్లోజింగ్ రోజున, అంటే ఇల్లు మీ పేరు మీదికి మారే రోజున. నార్త్ కరోలినాలో మీ డబ్బు అంతకన్నా చాలా ముందే కదలాలి. ఆఫర్ ఒప్పుకోగానే డ్యూ డిలిజెన్స్ ఫీజు (ఇల్లు పరిశీలించుకునే గడువు కోసం ఇచ్చేది) నేరుగా అమ్మేవాళ్ల చేతికి వెళ్తుంది. ఇన్‌స్పెక్షన్‌లో పునాది పగుళ్లు బయటపడినా, మీ లోన్ ఆగిపోయినా, మీ మనసే మారినా అది తిరిగి రాదు. అమ్మేవాళ్లే ఒప్పందం తప్పితే తప్ప. ఇల్లు కొంటే మాత్రం క్లోజింగ్‌లో మీ లెక్కలో జమ చేస్తారు. ఎర్నెస్ట్ మనీ (బయానా) వేరే, అది ఎస్క్రోలో (మధ్యవర్తి ఖాతాలో) ఉంటుంది, డ్యూ డిలిజెన్స్ గడువు దాటకముందే వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చు. వీటికి తోడు ఇన్‌స్పెక్షన్, అప్రైజల్ (ఇంటి విలువ కట్టించడం) ఖర్చులు. ప్రభుత్వ సహాయం ఉంది కదా అని ఖాళీ చేతులతో ఆఫర్ వేయడం కుదరదు. మీ 18,000లో కొంత దీనికి పక్కన పెట్టండి.
బిల్డర్ దగ్గర కొత్త ఇల్లయితే వాళ్ల సొంత కాంట్రాక్ట్ ఉంటుంది. డిపాజిట్ ఎప్పుడు పోతుందో అందులో చూడండి, సేల్స్ ఆఫీసులో చెప్పే మాట కాదు, రాసి ఉన్నది.

ఆవకాయ_అక్క
మేమూ తీసుకున్నాం, జాన్‌స్టన్ కాదు, హార్నెట్ కౌంటీ. అప్పట్లో రేటు 7 దగ్గర ఉండేది. తగ్గగానే రీఫైనాన్స్ చేద్దాం అనుకుంటే ఆ 15,000 ముందుకొచ్చి నిలబడింది. 3 లక్షల లోన్ మీద 7 నుంచి 6కి వస్తే నెలకి సుమారు 197 డాలర్లు మిగులుతాయి. ఆ మిగులు కోసం 15,000 ఒకేసారి కట్టాలి. మా ఆయన రోజూ ఒకే లెక్క, ఒకే ఎక్సెల్ షీటు.

లోన్_ఫైళ్లు
అక్కా, దాన్ని జరిమానాలా చూడకండి. వడ్డీ లేని అప్పు, తీసుకున్నదే తిరిగిస్తున్నారు. అన్నేళ్లు ఆ డబ్బు మీ ఇంట్లో ఉంది. ఇంటి విలువ పెరిగి ఈక్విటీ (ఇంటి విలువలోంచి అప్పు పోను మిగిలేది) సరిపోతే కొత్త లోన్‌లోనే కలిపి తీర్చేయచ్చు. ఈక్విటీ లేనివాళ్లకే ఇబ్బంది. నన్నడిగితే 3, 4 ఏళ్లలో వేరే రాష్ట్రానికి వెళ్లే అవకాశం ఉన్నవాళ్లకి కూడా ఇది చెడ్డది కాదు. మాఫీ అయిపోతుంది అనుకుని తీసుకోవడమే తప్పు, మాఫీ ఆఖరి అయిదేళ్ల సంగతి.
ఇంకో ముక్క. బాండ్ల డబ్బుతో ఇచ్చే లోన్ అయితే ఫెడరల్ రీక్యాప్చర్ ట్యాక్స్ అని ఒకటుంది. తొమ్మిదేళ్లలోపు అమ్మాలి, లాభం రావాలి, మీ ఆదాయమూ పరిమితి దాటి పెరగాలి. మూడూ కలిస్తేనే పడుతుంది. పడినా లాభంలో సగం మించదు. రీఫైనాన్స్ చేస్తే పడదు. మీ లోన్‌కి ఇది వర్తిస్తుందా అని లెండర్‌ని కాగితం మీద అడగండి.

హెచ్‌వన్_బాటసారి
హెచ్‌వన్ మీద ఉన్నవాళ్లకి దారి ఉందా? మా కన్సల్టెన్సీ ఫ్రెండ్ ఎఫ్‌హెచ్ఏ లోన్ (ఫెడరల్ ప్రభుత్వ హామీ ఉండే లోన్) కోసం వెళ్తే మొదటి ప్రశ్నకే కుదరదన్నారట.

లోన్_ఫైళ్లు
నిజమే. 2025 మే 25 నుంచి గ్రీన్ కార్డ్ లేనివాళ్లకి ఎఫ్‌హెచ్ఏ లోన్లు ఆపేశారు. హెచ్‌వన్, ఈఏడీ (వర్క్ పర్మిట్) రెండూ అందులోకే వస్తాయి. కన్వెన్షనల్ లోన్ (ప్రభుత్వ హామీ లేని మామూలు లోన్) దారి తెరిచే ఉంది, చట్టబద్ధమైన స్టేటస్ చూపిస్తే చాలు. ఐ-797 (వీసా ఆమోద పత్రం), ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), వీసా గడువు ఇంకా ఎంత ఉంది, ఇవన్నీ అడుగుతారు. దాని మీద రాష్ట్రం సహాయం కలుస్తుందా అన్నది లెండర్‌ని బట్టి ఉంటుంది, కొందరు తమ సొంత షరతులు పెట్టుకుంటారు. ఇల్లు చూడటానికి ముందే, మొదటి ఫోన్‌లోనే స్టేటస్ చెప్పేయండి. ఆఫర్ వేశాక చెబితే డ్యూ డిలిజెన్స్ డబ్బు అమ్మేవాళ్ల జేబులో ఉంటుంది.

పాలమూరు_పోరడు
అన్నా, యూఎస్‌డీఏ (ఫెడరల్ వ్యవసాయ శాఖ) లోన్ గూడ అడుగు. మీకు గ్రీన్ కార్డులు ఉన్నయి గద. రూరల్ కింద వచ్చే ఏరియాల డౌన్ పేమెంట్ సున్నా. జాన్‌స్టన్‌ల సెల్మా, బెన్సన్ దిక్కు దొరకొచ్చు. మ్యాప్‌ల అడ్రస్ కొట్టి చూడు, రోడ్డుకు ఈ పక్క వస్తది, ఆ పక్క రాదు. ఒక్కసారి 1 శాతం ఫీజు, ఏటా 0.35 శాతం, అంతే. ఎఫ్‌హెచ్ఏల అయితే ముందుగాల 1.75 శాతం పడ్తది, పది శాతం కన్న తక్కువ కట్టినోళ్లకు నెలవారీ ఇన్సూరెన్స్ లోన్ ఉన్నన్ని దినాలు పోదు. యూఎస్‌డీఏల గూడ జీతం లిమిట్ ఉంది. ఇంట్ల సంపాదించేటోళ్లందరిదీ లెక్క కడ్తరు.

కోనసీమ_కొబ్బరి
డౌన్ పేమెంట్ కోసం ఇంటి దగ్గర నుంచి నాన్నగారు పంపిస్తానంటే లెండర్‌కి ఇబ్బంది ఉండదు కదండీ? మన దగ్గర చీటీ పాట డబ్బు కూడా కొంత ఉంది.

లోన్_ఫైళ్లు
నాన్నగారి డబ్బు పర్వాలేదు. గిఫ్ట్ లెటర్ రాయాలి, తిరిగి ఇవ్వక్కర్లేదని అందులో ఉండాలి, ఆయన ఖాతా నుంచి మీ ఖాతాకి వచ్చిన జాడ కనపడాలి. ఇండియా వైపు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకి డబ్బు పంపే ఆర్‌బీఐ పథకం) కింద ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు పంపచ్చు. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన భాగం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందస్తు పన్ను) పట్టుకుంటుంది. అది ఆయన రిటర్న్‌లో సర్దుకోవచ్చు, కానీ ఆ లోపు డబ్బు ఇరుక్కుపోతుంది. మీకు ఏడాదిలో లక్ష డాలర్లు దాటి వస్తే ఇక్కడి పన్ను శాఖకి ఫారమ్ 3520 వేయాలి, పన్ను పడదు, చెప్పకపోతే మాత్రం పెనాల్టీ గట్టిగా ఉంటుంది.
చీటీ పాట, చేబదులు ఈ రెండూ ఇక్కడ లెండర్‌కి అర్థం కావు. ఖాతాలో పెద్ద మొత్తం ఒక్కసారి పడితే ఎక్కడిదని అడుగుతారు, కాగితం లేకపోతే ఆ మొత్తాన్ని లెక్కలోంచి తీసేస్తారు. స్నేహితుల దగ్గర తెచ్చిన చేబదులుని గిఫ్ట్ అని రాయించడం మోసం కిందికి వస్తుంది, వద్దు. మీ 401కేలో (ఉద్యోగం ద్వారా పెట్టే రిటైర్‌మెంట్ పొదుపులో) ఉన్నదాంట్లో సగం వరకు, గరిష్ఠంగా 50,000, అప్పు తీసుకోవచ్చు. దానికి ఏ ఇబ్బందీ లేదు. ఉద్యోగం మారితే త్వరగా తీర్చాల్సి రావచ్చు, అంతే.

మారిస్‌విల్_అద్దెదారు
అందరికీ చాలా థ్యాంక్సండి. నాకు గుంటూరులో ఫ్లాట్ ఉంది, అద్దెకిచ్చాం, బ్యాంకు లోన్ ఇంకా నడుస్తోంది. అది ఉంటే "మొదటిసారి" కాకుండా పోతానా?

లోన్_ఫైళ్లు
గత మూడేళ్లలో మీరు సొంతదారుగా ఉండి, అందులోనే కాపురం ఉన్న ఇల్లు ఉండకూడదన్నదే నియమం. మీరు మూడేళ్లుగా ఇక్కడే ఉంటే అద్దెకిచ్చిన గుంటూరు ఫ్లాట్ దీనికి అడ్డం రాదు. దాచకండి మాత్రం. అక్కడ కడుతున్న ఈఎంఐని డాలర్లలోకి మార్చి మీ అప్పుల్లో కలుపుతారు, ఆదాయంలో అప్పుల శాతం పెరుగుతుంది.

వాస్తు_బాధితుడు
అసలు సమస్య ఎవరూ చెప్పట్లేదు. తూర్పు ముఖం ఇల్లు దొరకాలి, దానికి బిల్డర్ లాట్ ప్రీమియం (ఆ స్థలానికి అదనపు ధర) వేస్తాడు, అది 15,000 మింగేస్తుంది. తర్వాత క్లోజింగ్ తేదీ మూఢంలో పడుతుంది. మా అత్తగారు తాళాలు తీసుకోనివ్వలేదు, రేట్ లాక్ (వడ్డీ రేటు ఖాయం చేసిన గడువు) పొడిగించడానికి ఫీజు కట్టాం. కేరీ గుడి పంతులుగారు క్లోజింగ్ ముహూర్తం వేరు, గృహప్రవేశం ముహూర్తం వేరు అని చెప్పాక గానీ ఆవిడ శాంతించలేదు.

ఆవకాయ_అక్క
😂 పాలు పొంగించడం తర్వాత చూసుకోవచ్చు. ముందు ఎస్క్రో (ఇంటి పన్ను, ఇన్సూరెన్స్ కోసం లెండర్ కిస్తీతో పాటు వసూలు చేసేది) పొంగుతుంది. కొత్త ఇల్లు కొనేవాళ్లు ఇది వినండి. ఇక్కడ ఇంటికి పన్ను విలువ జనవరి 1 నాటికి ఎలా ఉంటే అలా కడతారు. ఆ రోజుకి మీ ప్లాట్‌లో మట్టి తప్ప ఏమీ లేకపోతే మొదటి ఏడాది బిల్లు స్థలానికే వస్తుంది. లెండర్ కూడా ఎస్క్రో దానికే కడితే నెల కిస్తీ తక్కువగా కనపడుతుంది. మరుసటి ఏడాది ఇల్లంతా లెక్కలోకి వచ్చి, అంతకుముందు తక్కువ పడిన బాకీతో కలిపి ఒక్కసారి పెంచుతారు. మా వీధిలో నెలకి 300 పైన పెరిగినవాళ్లున్నారు. క్లేటన్ ఊరి పరిధిలో అయితే కౌంటీ పన్ను, టౌన్ పన్ను రెండూ పడతాయి.

మారిస్‌విల్_అద్దెదారు
అప్‌డేట్. ఈ వారం రెండు లెక్కలు చేతికొచ్చాయి. ఇల్లు ఒకటే, బిల్డర్‌ది, 3,20,000. డౌన్ 3 శాతం, అంటే 9,600, లోన్ 3,10,400.
రాష్ట్రం ప్రోగ్రామ్ చేసే లెండర్: రేటు 6.75, పైన 15,000 సహాయం. అసలు, వడ్డీ కలిపి నెలకి 2,013.
బిల్డర్ సొంత లెండర్: రేటు 6, క్లోజింగ్ ఖర్చులకి 4,000. నెలకి 1,861. ఈ లెండర్ రాష్ట్రం ప్రోగ్రామ్ చేయడట. బయటి లెండర్‌తో వెళ్తే ఆ 4,000 కూడా ఇవ్వరట.
నెలకి 152 తేడా. మొదట్లో చేతికి అందేది 11,000 తేడా. ఆరేళ్లకి రెండూ సమానం అవుతున్నాయి. ఏది మేలు?

లోన్_ఫైళ్లు
ముందు ఒకటి అడగండి, ఆ 6 శాతం ముప్పై ఏళ్లకా, లేక 2-1 బైడౌనా? బైడౌన్ అయితే మొదటి ఏడాది రెండు శాతం తక్కువ, రెండో ఏడాది ఒకటి, మూడో ఏడాది నుంచి అసలు రేటు. బ్రోచర్‌లో పెద్ద అక్షరాల్లో ఉండేది మొదటి ఏడాది అంకె. లోన్ ఎస్టిమేట్ కాగితం తీసుకోండి, అప్లికేషన్ ఇచ్చాక మూడు పని దినాల్లో ఇవ్వాలి. మొదటి పేజీలోనే రేటు మారుతుందా లేదా అని ఉంటుంది.
శాశ్వతంగా 6 అయినా, మీ పరిస్థితిలో నేను రాష్ట్రం వైపే చూస్తాను. బిల్డర్ దారిలో 9,600 మీ చేతినుంచి పోతుంది, 4,000 పోను మిగిలిన క్లోజింగ్, ప్రీపెయిడ్ (ముందే కట్టే పన్ను, ఇన్సూరెన్స్) ఖర్చులు కూడా. ఒక్క జీతం, ఇద్దరు పిల్లలు, బ్లైండ్స్ కూడా లేని కొత్త ఇల్లు, చేతిలో నాలుగైదు వేలు. అది భయంగా ఉంటుంది.

పాలమూరు_పోరడు
నేనొప్పుకోను. ఆరేండ్లల ఎట్లనో వదినకు జాబ్ వస్తది. నెలకు 152 ముప్పై ఏండ్లు అంటే చిన్న ముచ్చట గాదు. రేట్ శాశ్వతం అయితే బిల్డర్‌తోనే పో. బేరం గూడ ఆడు. కన్వెన్షనల్‌ల డౌన్ పది శాతం కన్న తక్కువైతే అమ్మేటోడు ఇంటి ధరల 3 శాతం దాక క్లోజింగ్‌కు ఇయ్యొచ్చు, అంటే నీకు 9,600 దాక. 4,000కే ఎందుకు ఆగుతవ్? నెలాఖర్ల, ఇల్లు పూర్తయి ఖాళీగ ఉన్నప్పుడు అడిగితే ఇస్తరు. ఇగ రోడ్డు సంగతి, 2024 సెప్టెంబర్ల 540 టోల్ రోడ్డు ఐ-40 దాక వచ్చింది, ఆర్టీపీకి (రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్, ఆఫీసులుండే దిక్కు) మస్తు తేలికైంది. టోల్ పైసలు కూడా నీ నెల లెక్కల రాస్కో మరి.

మారిస్‌విల్_అద్దెదారు
అడిగాను. 2-1 బైడౌనే! మూడో ఏడాది నుంచి 6.875 అట, 6 అని చెప్పింది మొదటి మూడేళ్ల సగటు లాంటిదట. సేల్స్ ఆవిడ చిన్న నవ్వు నవ్వింది. ఇక రాష్ట్రం ప్రోగ్రామ్‌తోనే వెళ్తున్నాం. క్లాసు మొదలుపెట్టాను. క్లోజింగ్‌కి అటార్నీ కావాలి, క్లేటన్ దగ్గర ఎవరైనా మంచివాళ్లు తెలిస్తే మెసేజ్ పెట్టండి.

పాలమూరు_పోరడు
6.875 అయితే బిల్డర్‌కు దండం పెట్టు. మెసేజ్ పెట్టిన, చూస్కో. ఎస్టిమేట్‌ల పన్ను లెక్క స్థలానికి కట్టిన్రా, ఇంటికి కట్టిన్రా అడుగు.