బదనిక, పరాన్నజీవి: పిల్లలకు ఏ మాట చెప్పాలి?

మహారాష్ట్రలోని సిరోంచ నుంచి రాస్తున్నాను. ఇక్కడి పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఆదివారం పూట ఏడెనిమిది మందిని మా వాకిట్లో కూర్చోబెట్టుకుని తెలుగు చదివిస్తుంటాను. మొన్న మోనోట్రోపా అనే అడవి పువ్వు గురించి చెబుతూ ఒక మాట దగ్గర ఆగిపోయాను.

ఆ పువ్వు మన గోదావరి ఒడ్డున పూయదు. హిమాలయాల్లో, జపాన్‌లో, ఉత్తర అమెరికాలో చిక్కటి చెట్ల నీడన రాలిన ఆకుల్లోంచి లేస్తుంది. జానెడు కాడ, కాడకు ఒకటే పువ్వు, అంతా మైనంలా తెలుపు. తెంపితే నల్లబడిపోతుంది. పత్రహరితం లేదు కాబట్టి తన తిండి తాను వండుకోలేదు.

"ఇది పరాన్నజీవి" అన్నాను. "అంటే బాండ్‌గూళా అత్తమ్మా?" అంది ఒక పాప. మరాఠీలో ఆ మాటకు అర్థం మన బదనికే. కానీ ఒకరి మీద పడి తినేవాణ్ని తిట్టడానికీ అదే మాట వాడతారు. పిల్లలంతా నవ్వారు. పువ్వును తిట్టినట్టయిందని నాకు మనసులో కష్టమనిపించింది.

వెంటనే వాళ్లను పెరట్లో మామిడిచెట్టు కిందికి తీసుకెళ్లాను. పైకొమ్మకు బదనిక ఉంది: దళసరి ఆకులు, వంకర గొట్టాల్లాంటి పూలు. పండు తిన్న పిట్ట జిగట గింజను కొమ్మకు రాస్తే అక్కడే మొలుస్తుంది. మామిడి మీదుంటే మామిడి బదనిక, వేప మీదుంటే వేప బదనిక. చక్కటి మాట. అయితే బదనికకు పచ్చని ఆకులున్నాయి. చెట్టు నుంచి నీళ్లు, లవణాలు లాక్కున్నా వంట చాలావరకు తనదే. ఆ తెల్లపువ్వుకు బదనిక అన్న మాట అతకదు. మీరేమంటారు?

జవాబు, బల్లార్షా నుంచి: మా కాలేజీ పుస్తకంలో మోనోట్రోపాను పూతికాహారి అని రాశారు. కుళ్లిన ఆకుల మీద బతికేది అని. అదే వాడండి.

నా జవాబు: అన్నా, పాత పుస్తకాల్లో అలాగే ఉండేది, అది పొరపాటని తర్వాత తేలింది. ఆ మొక్క ఆకుల్ని కుళ్లబెట్టలేదు. మట్టిలో దాని వేళ్లను రుస్సులా జాతి పుట్టగొడుగుల దారాలు చుట్టుకుని ఉంటాయి. ఆ దారాలే పక్కనున్న పెద్దచెట్ల వేళ్లకూ అంటుకుని ఉంటాయి. చెట్టు వాటికి చక్కెర ఇస్తుంది, అవి చెట్టుకు నీళ్లు, లవణాలు అందిస్తాయి. మధ్యలో ఈ పువ్వు ఆ చక్కెర తీసుకుంటుంది. వండింది చెట్టు, మోసింది పుట్టగొడుగు, తిన్నది పువ్వు.

అందుకే పరాన్నజీవి అన్న మాటకే మళ్లీ వచ్చాను. కాకపోతే ఈసారి విడగొట్టి చెప్పాను. పర అంటే ఇతరుల, అన్నం అంటే అన్నమే. దీక్షలో ఉన్న తాతయ్య పరాన్నం ముట్టడని పిల్లలకు తెలుసు. ఇక ఎవరూ నవ్వలేదు.

జవాబు, దెగ్లూరు నుంచి: అక్కా, దాన్ని ఇంగ్లీషులో ఇండియన్ పైప్ అంటారు కదా. తెలుగులో పేరు పెట్టాలంటే?

నా జవాబు: భారతీయ గొట్టం అని మాత్రం వద్దు! అక్కడ ఇండియన్ అంటే అమెరికా ఆదివాసులు, పైప్ అంటే వాళ్ల పొగ గొట్టం. తలవంచిన పువ్వు ఆ రూపులో ఉంటుంది. 1753లో లిన్నేయస్ అనే వృక్షశాస్త్రవేత్త పెట్టిన మోనోట్రోపా యూనిఫ్లోరా అన్న పేరులో యూనిఫ్లోరా అంటే ఒకే పువ్వున్నది. ఒంటిపువ్వు అంటే చాలదా?

ఇంకొకటి తేల్చుకోవాలి. ఒక పిల్లాడు నోటుబుక్కులో "ఒంటిపువ్వుకు చెట్టు అన్నం పెడుతుంది" అని రాశాడు. పెట్టడమంటే తెలిసి, ఇష్టంగా ఇవ్వడం. లాక్కుంటుంది అంటే మళ్లీ తిట్టే. ప్రస్తుతానికి "ఒంటిపువ్వు చెట్టు వండిన అన్నం తీసుకుంటుంది" అని దిద్దాను. మీ ఊళ్లో ఇంతకంటే సరైన క్రియ ఉంటే చెప్పండి, వచ్చే ఆదివారం వాడి పుస్తకంలో రాయిస్తాను.