ఊదాగా విచ్చి మూడోరోజుకి తెల్లబడే పూలు: ఈ మొక్క పేరేమిటి?

కుండీతోట
నర్సరీలో పేరు చీటీ లేకుండా ఇచ్చారు. రెండడుగుల పొద. పూలు ముదురు ఊదాగా విచ్చుకుని, మర్నాటికి లేత రంగుకి దిగి, మూడోరోజుకి తెల్లబడుతున్నాయి. ఒకే కొమ్మ మీద మూడు రంగులూ ఉంటాయి. ఐదు రేకలు, నడుమ తెల్లటి చుక్క. ఆకు తుంచితే పాలు రావు. రాధామనోహరమేనా? చిగురాకులు పసుపెక్కడం కూడా మొదలైంది. ఉండేది హైదరాబాద్, తూర్పు బాల్కనీ, పోసేది బోరు నీళ్లు. ఇంట్లో కుక్కపిల్ల ఉంది.

ఆకుపచ్చ
రాధామనోహరం కాదండి. అది తీగ, పైగా దాని పూలు తెల్లగా విచ్చి ఎరుపుకి తిరుగుతాయి. మీది ముదురు రంగు నుంచి వెలిసిపోతోంది కాబట్టి బ్రన్‌ఫెల్సియా. నర్సరీల్లో 'యెస్టర్‌డే టుడే టుమారో' అంటారు. పుట్టిల్లు బ్రెజిల్, కుటుంబం వంకాయ, ఉమ్మెత్తలది. పూలు తెల్లబడటం తెగులు కాదు, పువ్వు వయసు అంతే.

ఒక్కసారి ఆకులు చూసి రూఢి చేసుకోండి. కొమ్మకి అటొకటి ఇటొకటిగా ఉండాలి. జంటలుగా ఎదురెదురుగా ఉండి, పువ్వు గొంతు పసుపుగా ఉంటే అది థన్‌బెర్జియా ఎరెక్టా. దాని పూలు ఇలా రోజుకో రంగు మారవు.

మిద్దెతోట
పసుపు ఆకులకి ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) ఒక చెంచా వేయండి, సరిపోతుంది.

ఎర్రమట్టి
ముందు ఏ ఆకులు పసుపెక్కాయో చూడాలండి. మెగ్నీషియం తక్కువైతే ముదురాకులు పాలిపోతాయి. ఇక్కడ చిగురాకులు అంటున్నారు. వాటిలో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగమే పసుపైతే అది ఇనుము లోపం. ఎప్సమ్ వేస్తే పని జరగదు, ఉప్పు మాత్రం కుండీలో పేరుకుంటుంది.

ఈ మొక్కకి కాస్త ఆమ్లగుణం ఉన్న మట్టి కావాలి. సున్నం ఎక్కువున్న బోరు నీళ్లు పోసేకొద్దీ మట్టి క్షారంలోకి వెళ్తుంది. ఇనుము మట్టిలో ఉన్నా వేళ్లకి అందదు. మొక్కల మందుల షాపుల్లో దొరికే చీలేటెడ్ ఇనుములో (వేళ్లకి అందేలా వేరే పదార్థంతో కట్టిపెట్టిన ఇనుము) మామూలు ఈడీటీఏ రకం అలాంటి మట్టిలో నిలవదు. ఈడీడీహెచ్ఏ రకం అడిగి తీసుకోండి. లీటరు నీళ్లకి ఒక గ్రాము కలిపి, తడిగా ఉన్న మట్టిలో నెలకోసారి పోయండి. కొత్త చిగుళ్లు పచ్చగా వస్తే మందు పట్టినట్టే. పాత పసుపు ఆకులు పూర్తిగా తేరుకోకపోవచ్చు. వాన నీళ్లు దొరికినప్పుడల్లా అవే పోయండి. ఆర్‌వో వదిలేసే నీళ్లు మాత్రం వద్దు, వాటిలో ఉప్పులు ఇంకా ఎక్కువ.

కుండీ 12 అంగుళాలది చాలు. ఎర్రమట్టి రెండు పాళ్లు, వర్మికంపోస్టు ఒకటి, కొబ్బరి పొట్టు ఒకటి, ముతక ఇసుక అర పాలు. తూర్పు ఎండ దీనికి చక్కగా సరిపోతుంది. మే నెల మధ్యాహ్నపు ఎండ తగిలితే ఆకు అంచులు మాడతాయి.

కుండీతోట
ఈనెలు పచ్చగానే ఉన్నాయండి, ఇనుమే అన్నమాట. ఆకులూ అటొకటి ఇటొకటే. కత్తిరింపు ఎప్పుడు? కుక్కపిల్ల సంగతి?

ఆకుపచ్చ
పూత అయిపోగానే కొమ్మల చివర్లు మూడో వంతు దాకా కత్తిరించండి. మొగ్గలు కొమ్మ చివర్లలోనే కడతాయి, చలికాలం చివర్లో కత్తెర పెడితే ఆ పూత పోయినట్టే.

కుక్కపిల్ల విషయంలో మాత్రం దయచేసి జాగ్రత్త. మొక్కంతా విషమే, కాయలు, గింజలు మరీ ప్రమాదం. తింటే వాంతులు, వణుకు, ఆపైన ఫిట్స్ వస్తాయి. విరుగుడు మందు లేదు, లక్షణాల కోసం ఆగకుండా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. కుండీని నేల మీద పెట్టకుండా గ్రిల్‌కి గట్టిగా బిగించిన స్టాండులో ఎత్తుగా ఉంచండి. వాడిన పూలు, కాయలు, కత్తిరించిన కొమ్మలు రోజూ ఏరేయండి. పిల్ల ఎగిరి అందుకునే రకమైతే మొక్కని ఇంకెవరికైనా ఇచ్చేయడమే మేలు.