అప్‌డేట్: మా బాబు, చెత్త ఆటో ఆమె విషయం

పోయిన నెల అడిగాను: మా పన్నెండేళ్ల బాబు స్వచ్ఛ ఆటోలో వచ్చే ఆమెను "ఏయ్ చెత్తా, ఆగు" అని పిలిచాడు, ఏం చేయాలని. ఉండేది కూకట్‌పల్లిలో.

క్షమాపణ చెప్పించమని చాలామంది అన్నారు. మరునాడు పొద్దున నేనూ కిందికి దిగాను. వాడు "సారీ ఆంటీ" అన్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది. అప్పుడు చూశాను, ఆమె బొటనవేలికి పాత చీర పీలిక చుట్టి ఉంది. ఏమైందంటే "గాజు పెంకు కోసింది సార్, సంచిలో కనవడలే" అంది. ఆ ముందు రోజే మేం పగిలిన గ్లాసు మామూలు చెత్తలో పడేశాం. మాదేనేమో! నాకు నోట మాట రాలేదు. నాలుగేళ్లుగా వస్తున్న మనిషి పేరు కూడా నాకు తెలియదు. తప్పు వాడొక్కడిది కాదు, ముందు నాది.

ఇప్పుడు తడి చెత్త ఆకుపచ్చ డబ్బాలో, పొడి చెత్త నీలం డబ్బాలో వేస్తున్నాం. 2016 నాటి ఘన వ్యర్థాల (చెత్త) నిర్వహణ నిబంధనల ప్రకారమే ఎప్పుడో చేయాల్సిన పని ఇది. శానిటరీ ప్యాడ్లు, గాజు ముక్కలు పేపర్లో గట్టిగా చుట్టి విడిగా ఇస్తున్నాం. గాజు పొట్లం మీద "గాజు, జాగ్రత్త" అని స్కెచ్ పెన్‌తో రాసేది బాబే.

నిన్న డబ్బాలు తీసుకెళ్తే ఆమే వాణ్ని అడిగిందట: "ఇస్కూల్‌కు టైమ్ అయితలేదా బిడ్డా?"