డి-డేలో ‘డి’ అంటే ఏమిటి?

నిన్నటిపొద్దు: 1944 జూన్ 6న మిత్రరాజ్యాల సేనలు సముద్రం దాటి ఫ్రాన్స్‌లోని నార్మండీలో దిగిన కథ చెబుతుంటే మా అబ్బాయి అడిగాడు, డి అంటే ఏంటని. తెలిసినవాళ్లు చెప్పండి.

సరిహద్దు: డి అంటే డే, అంతే. దాడి తేదీ ఖరారు కానప్పుడు, లేదా బయటికి పొక్కకూడదనుకున్నప్పుడు ఆ రోజుని డి-డే అని, ఆ వేళని హెచ్-అవర్ అని రాసుకునేవారు. మర్నాడు డి+1. తేదీ మారినా కాగితాలన్నీ తిరగరాయక్కర్లేదు. నార్మండీ దాడే జూన్ 5న జరగాల్సింది, వాతావరణం బాగాలేక 6కి వాయిదా పడింది.

పడవలరేవు: ‘డే-డే’ అని ఎవరైనా పేరు పెడతారా అండీ? ‘డిపార్టెడ్ డేట్’, అంటే ఓడలు బయల్దేరే తేదీ అని, ఆ దాడికి సేనాధిపతి ఐజన్‌హోవర్ తరఫునే 1964లో జవాబు వచ్చింది.

సరిహద్దు: రాసింది ఆయన సహాయకుడు షుల్జ్, ఆ దాడి జరిగిన ఇరవై ఏళ్లకి. అమెరికా సైన్యం మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918 సెప్టెంబర్‌లోనే, ఫ్రాన్స్‌లోని సాన్ మియేల్ దాడి ఆదేశంలో డి-డే అని రాసింది. అది నేల మీది దాడి, ఓడలే లేవు. ఫ్రెంచివాళ్లు ‘జూర్ జె’ అంటారు, అక్కడా జె అంటే రోజే.

తాటిముంజ: 1918 సంగతి ఇప్పుడే తెలిసింది.

పడవలరేవు: 1918 ఎవరిక్కావాలి? ఒక్క రోజులో లక్షా యాభై వేలమందికి పైగా దిగారు. డి-డే అంటే అదొక్కటే.

సరిహద్దు: ‘అదొక్కటే’ అన్నారే, నా కడుపుమంట అక్కడే! ఇటలీలో సిసిలీ దాడికీ డి-డే ఉంది, 1943 సెప్టెంబర్ 9న సలెర్నో దాడికీ ఉంది. మా తాతయ్య భారత సైన్యపు ఇంజనీరింగ్ దళం మద్రాస్ శాపర్స్‌లో, ఇటలీలో పనిచేశారు. అక్కడ పోరాడినవాళ్లకి ‘డి-డే ఎగ్గొట్టినవాళ్లు’ అని పేరు పెట్టారు. జూన్ 4న రోమ్ చేజిక్కితే రెండ్రోజుల్లో ఆ వార్తే మరుగున పడింది. తాతయ్య పతకాలు చూసి మా బంధువొకాయన “డి-డేలో లేరా? అయితే పెద్ద యుద్ధం చూళ్లేదన్నమాట” అన్నాడు. మా నాయనమ్మ అక్కడే ఉంది.

పడవలరేవు: ఆ మాట అనకూడదు, తప్పే. నేను తాతగారిని తక్కువ చెయ్యలేదండీ. కానీ నార్మండీలో ఒమాహా అనే ఒడ్డున నీళ్లలోనే కూలిపోయిన కుర్రాళ్లని తలుచుకునేది ఆ పేరుతోనే. అది అందరిదీ అంటే వాళ్లకేం మిగులుతుంది?

సరిహద్దు: వాళ్లది లాక్కోమనడం లేదు. మావాళ్లకీ ఒక రోజుందని ఒప్పుకోమంటున్నా.

నిన్నటిపొద్దు: సరిహద్దు గారూ, తాతగారు ఇటలీలో ఎక్కడ ఉండేవారు? మావాడు మ్యాపు పట్టుకొచ్చి కూర్చున్నాడు.

సరిహద్దు: కాసినో దగ్గర. రాత్రిళ్లు కొండమీదికి దారి వేసేవారు.