అమ్మవారి కళ్లు దిద్దేవాడికి నమ్మకం ఉండాలా?

రంగుల మేస్త్రి (విజయనగరం) అడిగారు:

అందరికీ నమస్కారం. రాయడం నాకు పెద్దగా అలవాటు లేదు, తప్పులుంటే సర్దుకోండి. ఈ సంగతి మా ఊళ్లో ఎవర్నీ అడగలేను. ముఖాలు తెలియని చోటైతే ఫర్వాలేదని ఇక్కడ పెడుతున్నాను.

నాకు యాభై రెండేళ్లు. గుళ్లకి, గోపురాలకి రంగులు వేస్తాను. నాన్న దగ్గరే నేర్చుకున్నాను. ఆయన షాపులకి బోర్డులు రాసేవారు, పండగల ముందు గుళ్ల పని పట్టేవారు. బోర్డులన్నీ ఫ్లెక్సీలు అయిపోయాక మాకు గుళ్లే మిగిలాయి. సిమెంటు బొమ్మలకి ఉప్పుకాగితం పట్టడం, పగుళ్లకి లప్పం పెట్టడం, ప్రైమర్, ఒంటి రంగు, చీర అంచులు, ఇవన్నీ కుర్రాళ్లు చేస్తారు. కళ్లు మాత్రం నావి. ఇంకొకరికి ఇవ్వను.

కళ్లు ఆఖర్న వేస్తాం. అందులో ఒక కిటుకు ఉంది. బొమ్మ ఎత్తులో ఉంటుంది, చూసేవాళ్లు కింద ఉంటారు. కంటిపాప సరిగ్గా మధ్యలో పెడితే అమ్మవారు మన తల మీదుగా ఎటో చూస్తున్నట్టుంటుంది. పెద్ద బొమ్మకైతే అర అంగుళం కిందికి దింపాలి. పైన చిన్న తెల్ల చుక్క. అంతే, ఇక ఎవరు ఎక్కడ నిలబడినా తమనే చూస్తున్నట్టుంటుంది. ఇది నాన్న చెప్పిందే.

ఇప్పుడు అసలు సంగతి. నాకు నమ్మకం పోయింది. ఇంట్లో ఏదైనా జరిగిందా అంటారేమో, అదేం లేదు. పిల్లలు స్థిరపడ్డారు, మా ఆవిడ ఆరోగ్యంగా ఉంది. చెప్పు మడమ అరిగినట్టు అరిగింది. ఒకరోజు చూసుకుంటే లేదు. ఆ చూపు ఎలా వస్తుందో చేత్తో తెలిసినవాడికి ఇంకేం మిగులుతుంది అనిపిస్తుంది ఒక్కోసారి.

కళ్లు దిద్దే ముందు పదకొండు రోజులు దీక్ష అడుగుతారు. నీచు ముట్టకూడదు, చాప మీద పడుకోవాలి, చెప్పులు వేసుకోకూడదు. ఎప్పుడూ తప్పలేదు. మొన్న వైశాఖంలో ఒక ఊళ్లో పని చేస్తుండగా, తొమ్మిదో రోజున, మా బామ్మర్ది పూసపాటిరేగ వైపు నుంచి నెత్తళ్లు, అంటే చిన్న సముద్రపు చేపలు, తెచ్చాడు. వేపుడు వాసన వచ్చింది. తిన్నాను. దాచుకోకుండా చెబుతున్నాను, రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

పదకొండో రోజు తెల్లారకుండా పరంజా ఎక్కి కళ్లు వేశాను. నా చేతిలో అంత మంచి కళ్లు ఎప్పుడూ రాలేదు. తెర తీయగానే ముందున్న ముసలమ్మ 'అమ్మ నన్నే చూస్తంది' అని ఏడ్చేసింది. కిందికి దిగిన నా నెత్తి మీద చెయ్యి పెట్టి 'నీ చేతిలో అమ్మోరుంది నాయనా' అంది. ఆ రాత్రి నిద్ర లేదు.

దసరాకి ముందు చీపురుపల్లి వైపు ఇంకో ఊరి గుడి ఒప్పుకున్నాను. ఐదు వేలు అడ్వాన్సు తీసుకున్నాను. అక్కడా అదే దీక్ష. చెయ్యమంటారా, తిరిగి ఇచ్చెయ్యమంటారా?

---

కోటవీధి కుర్రాడు రాశారు:

నమ్మకం లేనప్పుడు అపార్టుమెంట్లకి రంగులు వేసుకోవచ్చు కదండీ. మాంసం తిని అమ్మవారి కళ్లు దిద్దడం ఏంటి? డబ్బు వెనక్కి ఇచ్చి దండం పెట్టుకోండి. నేరుగా చెప్పానని ఏమీ అనుకోకండి.

---

మూడు లాంతర్ల దగ్గర రాశారు:

కుర్రాడికి కోపం ఎక్కువ. మేస్త్రిగారూ, మన విజయనగరం పైడితల్లి పండగలో ఊరేగించే పొడుగాటి మాను, సిరిమానే తీసుకోండి. ఏ ఊళ్లో ఏ చింతచెట్టు కొట్టాలో పైడితల్లి అమ్మవారు పూజారి కలలో చెబుతుందని మన నమ్మకం. సరే, చెట్టు వెతకడం కల పని. దాన్ని చెక్కి, ఇరుసుమాను మీద నిలబెట్టి, కొసన కుర్చీ బిగించడం వడ్రంగుల పని. దసరా తర్వాతి మంగళవారం పూజారి ఆ కుర్చీలో కూర్చుని గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతాడు. కింద లక్షల మంది. ఆ బిగింపు వదులైతే?

మా పెదనాన్న ఒక ఏడాది ఆ పనిలో చెయ్యి వేశారు. ఆ వారం ఆయన మొక్కింది తక్కువ, మానుకి చెవి ఆనించి తట్టి చూసింది ఎక్కువ. భక్తుడా అంటే నాకు తెలీదు. ఎవరూ ఆయన్ని అడగలేదు, బిగింపు గట్టిగా ఉందా అనే అడిగారు.

---

పాలకొండ మాస్టారు రాశారు:

రిటైరైన టీచర్ని. సీతంపేట ఏజెన్సీ బడుల్లో చాలా ఏళ్లు పనిచేశాను. మీ ప్రశ్న చదివితే అక్కడి సవర గిరిజనుల గోడ బొమ్మలు గుర్తొచ్చాయి.

ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి నీళ్లతో తెల్లగా వేస్తారు. చుట్టూ నాలుగు గీతల చట్రం. అది ఇల్లు. లోపల మనుషులు, ఏనుగులు, గుర్రాలు, చెట్లు, సూర్యుడు, చంద్రుడు. ఎవరైనా పోయినప్పుడో, ఇంట్లో జబ్బు చేసినప్పుడో, పంట బాగుండాలనో పెద్దల ఆత్మలకి ఇల్లు కట్టి ఇచ్చినట్టు అది. గోడకి అందం కోసం వేసేది కాదు. వేసినాక వాళ్ల పూజారి ఆ ఆత్మని పిలుస్తాడు, నైవేద్యం పెడతారు. బొమ్మలో ఏదైనా తక్కువైతే ఆత్మ ఒప్పుకోదని మళ్లీ దిద్దుతారు.

ఇప్పుడు అవే బొమ్మలు గుడ్డ మీద, కాగితం మీద వేసి మేళాల్లో అమ్ముతున్నారు. నేనూ ఒకటి కొని హాల్లో పెట్టుకున్నాను. ఒకసారి అది వేసినాయన్ని అడిగాను, ఇంటి గోడ మీద వేసేటప్పటికీ అమ్మకానికి వేసేటప్పటికీ తేడా ఏమిటని. ఏదో పెద్ద మాట చెబుతాడని నోట్‌బుక్ కూడా తీశాను (టీచర్ బుద్ధి ఎక్కడికి పోతుంది). ఆయన కాసేపు ఆలోచించి 'అమ్మేదానికి కొలత చెబుతారు సార్, రెండడుగులు, మూడడుగులు అని. గోడ మీద అయితే చాలనిపించేదాకా వెయ్యాలి' అన్నాడు. అంతే. చెయ్యి అదే, గీత అదే.

మీకిది జవాబు అవునో కాదో నాకు తెలీదు. తీరికైతే శ్రీకూర్మం కూడా వెళ్లి రండి. ప్రదక్షిణ మండపం గోడల మీద పాత రంగుల బొమ్మలున్నాయి. చాలాచోట్ల వెలిసిపోయాయి. భక్తుడిగా కాకపోయినా పెయింటర్‌గా చూడండి.

---

గొల్లపల్లి పనస రాశారు:

బొబ్బిలి వీణలు చేసే ఇంటివాణ్ని. మాది ఒకే పనస దుంగలో కుండ, దండి తొలిచే పని. మెట్లు ఇరవై నాలుగు, మైనం మీద కూర్చాలి. ఆ టైములో దేవుడూ గుర్తుండడు, అప్పూ గుర్తుండదు, చెవి ఒక్కటే పనిచేస్తుంది. మైనం గట్టిపడేలోగా మెట్టు చోటు పట్టుకోవాలి కదా.

కానీ మేస్త్రిగారూ, మా దగ్గర ఇప్పుడు ఎక్కువ అమ్ముడయ్యేది మోగని వీణ. సన్మానాలకి ఇచ్చే చిన్న బొమ్మ వీణ. అదీ మా చేత్తోనే చేస్తాం, దాని మీదే తిండి. మొదట్లో నాకు సిగ్గుగా ఉండేది. మీ బాధ కొంచెం అలాంటిదేనేమో, చూసుకోండి. మీ బొమ్మ మోగుతోంది. మోగించిన చెయ్యి మీది కాదేమో అని మీ అనుమానం.

---

అర్చకస్వామి (శ్రీకాకుళం) రాశారు:

ఆలస్యంగా చూశాను. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

మేస్త్రిగారూ, మాలాంటి ఆగమం ఉన్న గుళ్లలో మూలవిరాట్టు దగ్గర మరమ్మతు చేయాలంటే ముందు కళాకర్షణ చేస్తాం. బింబంలోని దేవతా కళల్ని మంత్రంతో కుంభంలోకి తీసి, బాలాలయంలో, అంటే తాత్కాలికంగా ఏర్పాటు చేసిన చిన్న గుడిలో పెట్టి, పూజలు అక్కడ జరుపుతాం. అప్పుడు మీలాంటి పనివాళ్లు లోపలికి వస్తారు. అంటే ఉలి తగిలేటప్పుడు, కుంచె తగిలేటప్పుడు అక్కడ ఉన్నది రాయో సిమెంటో మాత్రమే అని శాస్త్రమే ఒప్పుకుంది. పని అయ్యాక సంప్రోక్షణ చేసి మళ్లీ కళలు చేరుస్తాం. కాబట్టి బొమ్మలోకి దేవుణ్ని తేవడం మీ బాధ్యత అని ఎవరూ మీ నెత్తిన పెట్టలేదు. ఆ పని మాది, ఊరిది. మీరు వేసేదీ కళే, మేం తీసి పెట్టేదీ కళే. మన భాషలో మాట ఒకటైపోయింది గానీ పనులు రెండు. గ్రామదేవత గుళ్లలో ఇంత తంతు ఉండకపోవచ్చు, అయినా ముఖానికి తెర కట్టే కదా మీరు పనిచేసింది?

కిటుకు తెలిశాక ఏం మిగులుతుంది అన్నారు. మా తాతగారు హరికథలు చెప్పేవారు. ఆదిభట్ల నారాయణదాసుగారంటే ఆయనకి ప్రాణం. 1919లో మీ విజయనగరంలో పెట్టిన సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ ఆయనే కదా. మా తాతగారు కథ మధ్యలో జనం కునుకు తీస్తుంటే ఒక పిట్టకథ వదిలేవారు. నవ్వుల్లో ఉండగానే గొంతు మార్చి సీతమ్మ దగ్గరికి తెచ్చేవారు. ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకునేవారు. ఎక్కడ వదలాలో, ఎక్కడ ఆపాలో ఆయన దగ్గర లెక్క ఉండేది. నాకు చిన్నప్పుడు ఆ లెక్క కూడా చెప్పారు. మళ్లీ ఆ చోటు వచ్చేసరికి ఆయన కళ్లలోనూ నీళ్లే. మీ అర అంగుళం లాంటిదే అదీ.

అసలు మీకా అర అంగుళం నేర్పింది మీ నాన్నగారే అన్నారు. పరంజా దిగాక ఆయన ఏం చేసేవారు?

ఇక నెత్తళ్ల సంగతి. అది నమ్మకానికి సంబంధించింది కాదు. దీక్షలో ఉంటానని ఊరికి మాట ఇచ్చి తప్పారు. నమ్మకం లేకపోయినా మాట ఉంటుంది. ఆ రెండూ కలిపేసుకుని బాధపడుతున్నారని నాకనిపించింది. ఆ ఊరికి చెప్పండి.

---

రంగుల మేస్త్రి రాశారు:

అందరికీ దండాలు. కోటవీధి తమ్ముడికి కూడా, నాకేం కోపం లేదు.

స్వామిగారూ, మీరు అడిగింది రెండు రోజులు నా బుర్రలో తిరిగింది. నాన్న దిగేవారు, లుంగీ దులుపుకునేవారు, బీడీ చెవి వెనకాల పెట్టుకుని జనం నిలబడే చోటికి వెళ్లి నిలబడేవారు. చేతులు జోడించి పైకి చూసేవారు. చాలాసేపు. నేను కింద బ్రష్‌లు కిరసనాయిల్లో కడుగుతూ చూసేవాణ్ని. మొక్కుతున్నారనే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఇప్పుడు అనిపిస్తోంది, చూపు సరిపోయిందో లేదో చూసుకునేవారేమో. రెండూ ఒకేసారేమో. అడగలేదు. ఆయన పోయి పదహారేళ్లు.

---

కోటవీధి కుర్రాడు రాశారు:

మీ నాన్నగారి గురించి చదివాక నేను రాసింది కొంచెం ఎక్కువైందనిపించింది. కానీ ఆ ఊరికి చెప్పాల్సిందే, అందులో మాత్రం మారను.

---

రంగుల మేస్త్రి రాశారు:

చివరి సంగతి చెప్పి సెలవు తీసుకుంటాను.

వైశాఖంలో పని చేసిన ఊరికి వెళ్లి చెప్పాను. పెద్దలు కాసేపు గొణిగారు. నూట పదహార్లు తప్పు కట్టి, కొబ్బరికాయ కొట్టి, పసుపునీళ్లు చల్లించి వెళ్లమన్నారు. చేశాను. ముసలమ్మ కనబడలేదు. కనబడనందుకు సంతోషించానని కూడా రాయాలి.

చీపురుపల్లి వైపు ఊరి ప్రెసిడెంటుకి ఫోన్ చేసి, ఇంతకుముందు ఒకచోట దీక్ష తప్పాను, మీకు ఇష్టమైతేనే వస్తానన్నాను. నమ్మకం గురించి మాత్రం చెప్పలేదు, అది ఆయనకి ఎందుకు. ఆయన అటునుంచి ఒకటే నవ్వు. 'ఏటి మేస్త్రీ, నెత్తళ్లకే ఇంత ఇదైపోతన్నావా? ఆయమ్మకి మనం కోళ్లు కోస్తాం, ఏటపోతులు కోస్తాం, నీ నెత్తళ్లు లెక్కా?' అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. వెంటనే 'గానీ ఈ పదకొండ్రోజులూ ఉండాలి సుమా, ఊళ్లో ఆడోళ్లు ఊరుకోరు' అన్నాడు.

ఉన్నాను. పదకొండు రోజులూ చాపే. నడుం పట్టేసింది, అది వేరే సంగతి. నమ్మకం తిరిగొచ్చిందా అని అడుగుతారేమో. రాలేదు.

నిన్న తెల్లవారుజామున కళ్లు వేశాను. తెర తీయకముందు కుర్రాళ్లని బయటికి పంపి, కిందికి దిగి, ఆడవాళ్లు నిలబడే చోట నిలబడ్డాను. చేతులు ఊరికే పక్కన వేలాడుతుంటే ఏదోలా అనిపించి జోడించాను. అలాగే పైకి చూస్తూ ఉన్నాను. ఎడమ కంటిపాప ఒక దారపు మందం ఎత్తయింది. ఇంకెవరికీ తెలీదు. బ్రష్ తీసుకుని మళ్లీ ఎక్కాను.