హయ్యర్ లెర్నింగ్, డియర్ వైట్ పీపుల్: కాలేజీల్లో జాతి వివక్ష గురించి ఏ సినిమా నిజం చెప్పింది?

సినీవిహారి:
ఈ శని, ఆదివారాల్లో అమెరికా కాలేజీల మీద తీసిన రెండు సినిమాలు వరసగా చూశాను. ఒకటి జాన్ సింగిల్టన్ 1995లో తీసిన ‘హయ్యర్ లెర్నింగ్’, రెండోది జస్టిన్ సిమియన్ 2014లో తీసిన ‘డియర్ వైట్ పీపుల్’. రెండూ కల్పిత యూనివర్సిటీల కథలే. మొదటిది చూసి నాకు కోపం వచ్చింది. ఐడహో నుంచి వచ్చిన రెమీ అనే తెల్ల కుర్రాడు ఎవరితోనూ కలవలేక, చివరికి గుండు చేయించుకుని నాజీ మూకలో చేరి, మేడెక్కి తుపాకీతో కాలుస్తాడు. జాతి వివక్ష అంటే తుపాకీ పట్టుకున్న పిచ్చివాడు అని చూపిస్తే, హాల్లో కూర్చున్న మామూలు మనిషి ‘నేను అలాంటివాణ్ణి కాదులే’ అనుకుని హాయిగా ఇంటికి పోతాడు. రెండోదాంట్లో అలా తప్పించుకునే దారి లేదు. బాగా చదువుకున్న, డబ్బున్న పిల్లలు సరదా పేరుతో మొహాలకి నల్లరంగు పూసుకుని పార్టీ చేసుకుంటారు. సినిమా అయిపోయి పేర్లు పడేటప్పుడు నిజం కాలేజీల్లో జరిగిన అలాంటి పార్టీల ఫోటోలు వేస్తాడు. శాన్ డియేగోలో కాలిఫోర్నియా యూనివర్సిటీ విద్యార్థులు కొందరు 2010 ఫిబ్రవరిలో, సరిగ్గా నల్లజాతి చరిత్ర మాసాన్ని వెక్కిరిస్తూ, క్యాంపస్ బయట ‘కాంప్టన్ కుకౌట్’ అని ఒక పార్టీ పెట్టుకున్నారు (కాంప్టన్ అంటే నల్లజాతివాళ్ళ ఊరుగా పేరుపడ్డది). అప్పటికి అక్కడ డిగ్రీ చదివేవాళ్ళలో నల్లజాతి పిల్లలు నూటికి ఇద్దరు కూడా లేరు. వాళ్ళ చేతుల్లో తుపాకులు లేవు, ఒంటి మీద వెక్కిరింపు వేషాలే. నా లెక్కలో నిజం చెప్పింది రెండోదే. మీరేమంటారు?

డాలస్ బాబాయి:
విహారి గారూ, మీరు రెమీ దగ్గరే ఆగిపోయారు. ఆ సినిమాకి ప్రాణం సెక్యూరిటీవాళ్ళ సీన్లు. నేను ఎమ్మెస్‌కి వచ్చింది 94లో, ఆ సినిమా రిలీజైన వారంలోనే థియేటర్‌లో చూశాను. ఐస్ క్యూబ్ వేసిన ఫజ్ అనే నల్లజాతి విద్యార్థి పార్టీ పెట్టుకుంటే క్యాంపస్ పోలీసులు వచ్చి ఆపించేస్తారు. పక్కన తెల్ల పిల్లలు అంతే గోలగా పాటలు పెట్టుకుంటే ఒక్కడూ వాళ్ళని పలకరించడు. చివర్లో చూడండి, కాల్చింది రెమీ, ఆ కాల్పుల్లో తన ప్రియురాలు డేజా చనిపోతే ఆ బాధలో వాడి వెంటపడి పట్టుకున్నది మాలిక్ అనే నల్లజాతి విద్యార్థి. సెక్యూరిటీ వచ్చి ఎవరిని కొట్టారు? మాలిక్‌ని. ఆ సెక్యూరిటీవాళ్ళు రోజూ డ్యూటీకి వచ్చిపోయే జీతగాళ్ళు. మీరు వెతుకుతున్న మామూలు మనిషి వాళ్ళే కదండీ.

రేపల్లె రాణి:
డేజా చనిపోయే సీన్ దగ్గర ఆపేశాను. మళ్ళీ పెట్టలేకపోయాను.

సినీవిహారి:
బాబాయి గారూ, ఆ సీన్లు బాగున్నాయి, కాదనను. కానీ మొత్తం కథని ఎక్కడ దింపాడు? తెర మీద ‘అన్‌లర్న్’ అని ఒక్క మాట వేసి పంపించేశాడు. నేర్చుకున్నది వదిలించుకోండి అని. ఎవరికి చెప్తున్నాడు? కొట్టినవాడికీ అదే మాట, దెబ్బలు తిన్నవాడికీ అదే మాట. మాలిక్ ఏం నేర్చుకున్నాడని వదిలించుకోవాలి?

డాలస్ బాబాయి:
మాట సంగతి కాదు నేనంటున్నది, సెక్యూరిటీ సంగతి. మీరు దానికి జవాబు చెప్పట్లేదు.

ఓరుగల్లు కుర్రాడు:
తెలుపు, నలుపు అని మీరిద్దరే మాట్లాడుకుంటున్నారు, మరి మనమెక్కడ? ‘ద సోషల్ నెట్‌వర్క్’ (2010) హార్వర్డ్‌లో ఫేస్‌బుక్ మొదలైన కథ. జుకర్‌బర్గ్ మీద కేసు వేసినవాళ్ళలో దివ్య నరేంద్ర ఒకరు, భారతీయ కుటుంబం. ఆ పాత్రకి ఎవర్ని తీసుకున్నారు? మాక్స్ మింగెల్లాని, ఆయన భారతీయుడే కాదు. నిజంగా ఉన్న మనిషి పాత్రకి కూడా మనవాడి మొహం పనికిరాలేదు! మనవాణ్ణి పెట్టుకున్నప్పుడు ఇంకా ఘోరం. 2002లో ‘వాన్ వైల్డర్’ అనే కాలేజీ కామెడీలో కల్ పెన్‌కి ఇచ్చిన పేరు తాజ్ మహల్ బదలందాబాద్. పేరే వెక్కిరింత, ఇక యాస గురించి చెప్పక్కర్లేదు.

ఆ యాస జోకు ఎంత దూరం వస్తుందో నాకు తెలుసు. మాస్టర్స్ రెండో సెమిస్టర్‌లో గ్రూప్ ప్రాజెక్ట్, నలుగురం, కోడ్ దాదాపు మొత్తం నేనే రాశాను, ఆరు వారాలు నిద్ర లేదు. ప్రెజెంటేషన్ రోజు పొద్దున ‘నీ యాక్సెంట్ క్లాసుకి అర్థం కాదేమో, నువ్వు స్లైడ్లు మార్చు చాలు’ అన్నారు. ప్రొఫెసర్ పక్కనే ఉండి తల ఊపాడు. ఇరవై నిమిషాలు బటన్ నొక్కుతూ నిలబడ్డాను. నేను రాసిన కోడ్ గురించి అడిగిన ప్రశ్నకి వేరేవాడు తప్పు జవాబు చెప్తుంటే కూడా నోరు మూసుకున్నాను. ఇది ఏ సినిమాలో ఉంది చెప్పండి.

డాలస్ బాబాయి:
ఇన్నేళ్ళయినా ఆ మాట గుచ్చుకుంటూనే ఉంటుంది తమ్ముడూ. కల్ పెన్ 2008లో పెన్సిల్వేనియా యూనివర్సిటీకి వెళ్ళి మీడియా ఆసియా అమెరికన్లని ఎలా చూపిస్తుందో విద్యార్థులకి పాఠం చెప్పాడు. అలాంటి వేషం వేసినవాడే క్లాసులో నిలబడి దాని గురించి చెప్పడం నాకు గొప్పగా అనిపించింది.

ఓరుగల్లు కుర్రాడు:
మింగెల్లా విషయం మాత్రం ఎవరూ ఎత్తరేం? అది చిన్న విషయం కాదు.

తంగేడు పువ్వు:
‘డియర్ వైట్ పీపుల్’లో లయనెల్ అనే అబ్బాయి ఉంటాడు, పెద్ద జుట్టు. తెల్ల పిల్లలు అడక్కుండా ఆ జుట్టులో చేతులు పెట్టి చూస్తుంటారు. పైకి అందులో ద్వేషమేమీ కనపడదు, ముచ్చటపడుతున్నట్టే ఉంటుంది. నాకు ఆ రెండు సినిమాల్లో బాగా గుర్తుండిపోయింది అదే. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు కాబట్టి ఫిర్యాదు చేయడానికి కూడా ఏమీ ఉండదు.

నెల్లూరు టు న్యూజెర్సీ:
అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి నేను రెండోవైపు చెప్తాను. చదువుకునే రోజుల్లో గ్యాస్ స్టేషన్‌లో పని చేశాను. రాత్రి పదకొండున్నరకి ఇద్దరు వచ్చి గన్ పెట్టారు. ఇద్దరూ నల్లవాళ్ళే. క్యాష్ ఇచ్చేశాను, అయినా వెళ్తూ వెళ్తూ తల మీద కొట్టారు, ఆరు కుట్లు పడ్డాయి. ఆ డబ్బు ఓనర్ నా జీతంలోంచి కోశాడు. అందుకే కొత్తగా వచ్చే పిల్లలకి నేను మొహమాటం లేకుండా చెప్తాను, ఫలానా వైపు అపార్ట్‌మెంట్ తీసుకోకండి, నల్లోళ్ళు ఎక్కువ అని. మీ సినిమాలు నాకొచ్చి నీతులు చెప్పక్కర్లేదు. ఇంకో మాట, స్కాలర్‌షిప్‌లూ సీట్లూ కూడా ఇన్నాళ్ళూ వాళ్ళకే. 2023లో హార్వర్డ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు జాతి చూసి సీట్లివ్వడాన్ని ఆపింది, మంచి పని చేసింది. మన పిల్లలు కష్టపడి మార్కులు తెచ్చుకుంటే నష్టపోయేది మన పిల్లలే.

సినీవిహారి:
కుట్లు మీకు పడ్డాయి, ఆ భయం నిజం. కానీ గన్ పెట్టినవాళ్ళు ఇద్దరు. మీరు హెచ్చరిక చేస్తున్నది ఒక ఊళ్ళో సగం మంది గురించి. స్కాలర్‌షిప్ అన్నారు కాబట్టి ‘సోల్ మ్యాన్’ సంగతి చెప్తాను, 1986 సినిమా. తెల్ల కుర్రాడు నల్లజాతి విద్యార్థులకి కేటాయించిన స్కాలర్‌షిప్ కోసం మాత్రలు మింగి ఒళ్ళు నల్లబరుచుకుని హార్వర్డ్ లా స్కూల్లో చేరతాడు. అప్పట్లోనే నిరసనలు జరిగాయి. తీరా చూస్తే ఆ స్కాలర్‌షిప్ రావాల్సింది సారా అనే అమ్మాయికి, బిడ్డని పెంచుకుంటూ హోటల్లో వెయిట్రెస్‌గా పని చేస్తూ చదువుకుంటుంది. దాన్ని కామెడీగా తీసినవాళ్ళు కూడా, సీటు ఊరికే ఎవరికో పోవట్లేదని చూపించక తప్పలేదు.

నెల్లూరు టు న్యూజెర్సీ:
సినిమాలో సారా ఉంటుంది. బయట ఉండదు. నా తల మీద మచ్చ ఉంది.

డాలస్ బాబాయి:
‘నల్లోళ్ళు ఎక్కువ’ అని పిల్లలకి చెప్పే మాట ఇక్కడ రాయకండి. నాకూ అదే చెప్పారు, ఎయిర్‌పోర్ట్ నుంచి కారులో తీసుకెళ్తూ, నేను ఈ దేశంలో కాలుపెట్టి గంట కూడా కాలేదు. దాని ఫలితం ఏమిటో చెప్తాను. 95లో ‘హయ్యర్ లెర్నింగ్’ చూసి, మాలిక్‌ని కొట్టినందుకు సెక్యూరిటీవాళ్ళ మీద పళ్ళు కొరుకుతూ బయటికి వచ్చాను. పార్కింగ్‌లో నా వెనక ఇద్దరు నల్లజాతి కుర్రాళ్ళు నడిచి వస్తున్నారు, మా వెనక వరసలో కూర్చున్నవాళ్ళే, అదే సినిమా చూసి వస్తున్నవాళ్ళు. నేను పరిగెత్తి కారెక్కి డోర్లు లాక్ చేసుకున్నాను. ఆ లాక్ చప్పుడు వాళ్ళకి వినపడింది. ఒకడు నా వైపు చూశాడు. అందుకే నాకు ఆ సెక్యూరిటీ సీన్లు వదలవు, విహారి గారూ. అందులో నేనున్నాను.

నెల్లూరు టు న్యూజెర్సీ:
అయితే మీరు తప్పు చేశారు, నాకెందుకు క్లాసు పీకుతున్నారు? నేను దెబ్బ తిన్నవాణ్ణి.

ఓరుగల్లు కుర్రాడు:
నెల్లూరు అన్న చెప్పిన స్కాలర్‌షిప్ పాయింట్‌లో మాత్రం న్యాయం ఉంది. మెరిట్ చూడాలి. నా యాక్సెంట్ చూసి కాదు, ఒంటి రంగు చూసి కాదు, పని చూసి. అంతే కదా మనం అడిగేది.

తంగేడు పువ్వు:
‘మనం’ అన్నారు కాబట్టి ఇప్పటిదాకా చెప్పనిది చెప్తాను. నేను ఇంజనీరింగ్ మన దగ్గరే చదివాను. హాస్టల్లో మొదటి రోజు పేరు తర్వాత రెండో ప్రశ్న ‘ఎంసెట్ ర్యాంక్ ఎంత?’ ఇక్కడ చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు ఆ ప్రశ్న ఎందుకో. ర్యాంకు, కాలేజీ, బ్రాంచి కలిపి లెక్కేస్తే కేటగిరీ తెలిసిపోతుంది, కులం పేరు నోటితో అడగక్కర్లేదు. నేను చెప్పగానే ఎదురుగా ఉన్న అమ్మాయి ‘ఓ’ అంది. ఆ తర్వాత నాలుగేళ్ళు నేను ల్యాబ్‌లో ప్రోగ్రామ్ ముందుగా చేస్తే ఎవరో చెప్పి ఉంటారన్నారు, సరిగ్గా రాకపోతే ‘తెలిసిందేగా’ అన్నారు. మా నాన్న చదివింది ఐదో తరగతి, ఇంట్లో రాత్రి బల్బు ఒకటే. అందుకే సారా బయట ఉండదన్న మాట చదవలేకపోయాను. నేనున్నాను.

ఓరుగల్లు గారూ, మిమ్మల్ని స్లైడ్లు మార్చమన్నప్పుడు మీకు ఎంత బాధ కలిగిందో నాకు పూర్తిగా అర్థమైంది, ఎందుకంటే నాకది అమెరికాకి వెళ్ళకముందే తెలుసు. ‘మెరిట్’ అన్న మాట మీ నోటి నుంచి వచ్చేసరికి తట్టుకోలేకపోయాను.

రేపల్లె రాణి:
మాకు నోటీసు బోర్డు మీదే పెట్టారు. పేరు, ర్యాంకు, పక్కనే కేటగిరీ.

నెల్లూరు టు న్యూజెర్సీ:
అమెరికా సినిమాల టాపిక్‌లోకి మన కులాల్ని లాగడం సరికాదు. రెండూ వేరు.

సినీవిహారి:
టాపిక్‌లోకి లాగిందేమీ లేదండీ. స్పైక్ లీ 1988లోనే ‘స్కూల్ డేజ్’ తీశాడు, కాలేజీ మొత్తం నల్లజాతి పిల్లలే, తెల్లవాళ్ళ గొడవే లేదు. అక్కడ కూడా ఒంటి ఛాయ, జుట్టు తీరు చూసి అమ్మాయిలు రెండు గుంపులైపోతారు. ఊళ్ళో కుర్రాళ్ళు ఆ కాలేజీవాళ్ళని చూసి మండిపడతారు. తన మనుషుల లోపలి గొడవని బయటపెట్టడానికి ఆయన వెనకాడలేదు. ఆ సినిమాలో కుర్రాళ్ళని లేపడానికి కేకలేసే విద్యార్థిగా వేసిన లారెన్స్ ఫిష్‌బర్నే, ఏడేళ్ళ తర్వాత ‘హయ్యర్ లెర్నింగ్’లో మాలిక్‌కి పాఠం చెప్పే ప్రొఫెసర్. నేను మొదట అడిగిన ప్రశ్నే తప్పేమో అనిపిస్తోంది. రెమీనా, పార్టీ పిల్లలా అని అడిగాను. ఇద్దరూ తెల్లవాళ్ళే.

ఓరుగల్లు కుర్రాడు:
నేను అడిగేవాణ్ణి. ర్యాంకు. అందరూ అడుగుతారు కదా అని అడిగేవాణ్ణి, దాని వెనక ఏముందో అప్పట్లో తెలియదని మాత్రం చెప్పను, తెలుసు. మా వింగ్‌లో ఒకడు చెప్పకుండా బయటికి వెళ్ళిపోయాడు, తర్వాత రూమ్ మార్చుకున్నాడు. కానీ నా ప్రాజెక్ట్ విషయంలో జరిగింది కూడా అన్యాయమే, అది తగ్గదు. సీట్ల విషయంలో నా అభిప్రాయం ఇంకా అదే.

తంగేడు పువ్వు:
మీ అన్యాయం తగ్గిందని నేననలేదు. సీట్ల గురించి మీతో ఇక వాదించను. ఆ రూమ్ మార్చుకున్నబ్బాయి ఇప్పుడెక్కడున్నాడు, మీకు తెలుసా?

ఓరుగల్లు కుర్రాడు:
తెలియదు. పాత వాట్సాప్ గ్రూప్‌లో కూడా లేడు. ఇందాకే చూశాను.