ట్రాస్టుజుమాబ్ ఎమ్‌టాన్సిన్ మొదలుపెట్టబోతున్నారు: పాత ఇంజెక్షన్‌కూ దీనికీ తేడా ఏమిటి?

ప్రశ్న (చీపురుపల్లి నుంచి)

అందరికీ నమస్కారం. మా అమ్మకు 56 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్, బయాప్సీలో హెర్-2 త్రీ ప్లస్, అంటే హెర్-2 అనే ప్రోటీన్ చాలా ఎక్కువగా ఉందని వచ్చింది. ఆపరేషన్‌కు ముందు కీమోతో పాటు ట్రాస్టుజుమాబ్ ఇచ్చారు. ఆపరేషన్‌లో తీసిన ముక్కను పరీక్షిస్తే గడ్డ పూర్తిగా కరగలేదని తేలింది. అందువల్ల ఇప్పుడు ట్రాస్టుజుమాబ్ ఆపి, ట్రాస్టుజుమాబ్ ఎమ్‌టాన్సిన్ అనే మందును మూడు వారాలకు ఒకసారి చొప్పున 14 సార్లు ఇవ్వాలని డాక్టరుగారు చెప్పారు. మా చిన్నాన్న "మందు అదే, పేరుకు తోక తగిలించారు" అంటున్నారు. అమ్మ మాత్రం ఇప్పుడిప్పుడే మొలుస్తున్న జుట్టును అద్దం ముందు నిమురుకుంటూ, "ఇది కూడా కీమోయేనా?" అని రోజూ అడుగుతోంది. ఓపీలో అంతమంది మధ్య నేను ఇవన్నీ అడగలేకపోయాను. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం (పలాస, విశాఖపట్నంలో క్యాన్సర్ డే కేర్ నర్సు)

మీ చిన్నాన్నగారి మాటలో సగమే నిజం ఉందండీ. ట్రాస్టుజుమాబ్ ఒక యాంటీబాడీ. క్యాన్సర్ కణం పైపొర మీద హెర్-2 గ్రాహకాలు (పెరగమనే సంకేతాలను అందుకునే ప్రోటీన్లు) మితిమీరి ఉన్నప్పుడు అది వెళ్లి వాటిని పట్టుకుంటుంది. ఎమ్‌టాన్సిన్ అన్నది ఆ యాంటీబాడీకి రసాయన బంధంతో అతికించిన విషం. ఒక్కో యాంటీబాడీకి సగటున 3.5 అణువులు ఉంటాయి.

మాది పలాస కాబట్టి నాకు జీడిపిక్క గుర్తుకు వస్తుంది. పెంకులోని నూనె తగిలితే చేతి చర్మం కాలి ఊడిపోతుంది, అయినా పెంకు పగలనంతవరకు ఆ పిక్కను ఎవరైనా పట్టుకోవచ్చు. ఈ మందు కూడా రక్తంలో తిరుగుతున్నంతసేపు చాలావరకు మూసిన పిక్కలాగే ఉంటుంది. గ్రాహకానికి అతుక్కున్న తరువాత కణం దానిని లోపలికి లాక్కుని, లైసోజోమ్ అనే సంచిలో అరగదీసినప్పుడే విషం బయటపడి, కణం రెండుగా విడిపోవడానికి అవసరమైన సూక్ష్మనాళికలను దెబ్బతీస్తుంది. దీని మూల పదార్థమైన మేటాన్సిన్‌ను విడిగా రోగులకు ఇచ్చి చూసినప్పుడు దుష్ప్రభావాలు భరించలేనంతగా ఉండడంతో పక్కన పెట్టారు. యాంటీబాడీకి అతికించాకే దానితో ఉపయోగం దొరికింది.

కాబట్టి అమ్మగారికి ఇలా చెప్పండి: ఇందులో కీమో ఉంది, కానీ అది చాలావరకు చేరవలసిన చోటే తెరుచుకుంటుంది. జుట్టు పూర్తిగా రాలిపోవడం దీనితో అరుదు. అయితే ప్లేట్‌లెట్లు తగ్గవచ్చు, లివర్ ఎంజైములు పెరగవచ్చు, చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కవచ్చు. అందుకే ప్రతి డోసుకు ముందు రక్తపరీక్ష, మధ్యమధ్యలో గుండెకు ఎకో చేయిస్తారు.

మందు ఎందుకు మార్చారంటే, 2018 చివర ఫలితాలు వెలువడిన కేథరిన్ అధ్యయనంలో, మీ అమ్మగారిలాగే ఆపరేషన్ నాటికి గడ్డ మిగిలి ఉన్న 1,486 మందిని పరిశీలించారు. మూడేళ్లకు వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు ఈ మందు తీసుకున్నవారిలో 88.3 శాతం, పాత ట్రాస్టుజుమాబ్‌తోనే కొనసాగినవారిలో 77 శాతం.

సమాధానం (రాజాం)

మా ఇంటావిడకు 14 డోసులూ పూర్తయ్యాయి. రెండుసార్లు వాయిదా పడింది. ఒకసారి ప్లేట్‌లెట్లు 62,000 ఉంటే, 75,000 దాటేవరకు ఇవ్వబోమన్నారు. తెల్లవారుజామున బయలుదేరి విశాఖ వరకు వెళ్లి ఉత్త చేతులతో తిరిగి రావడం ఆమెను చాలా కుంగదీసింది. ఆ తరువాత రెండు రోజుల ముందే రాజాంలో రక్తపరీక్ష చేయించి, రిపోర్టు ఫోనులో పంపి, రమ్మన్నాకే బయలుదేరేవాళ్లం. మీరు కూడా అలా వీలవుతుందేమో అడగండి. పళ్లు తోముకునేటప్పుడు చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, ఒంటి మీద నల్లమచ్చలు కనిపించినా వెంటనే చెప్పండి. నొప్పికి ఆస్పిరిన్ లాంటివి సొంతంగా వేయవద్దు.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. ఒక మందుల దుకాణంలో మా చీటీ చూసి బిల్లులో "ట్రాస్టుజుమాబ్" అని మాత్రమే రాశారు. సీసా తెచ్చాక పేరు చదివితే అది పాత మందే. ఆ రోజు నేను చదవకపోయి ఉంటే అన్న ఆలోచన వస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు.

సమాధానం (పలాస)

రాజాం అన్నయ్యగారు చెప్పినది ప్రాణానికి సంబంధించిన విషయం. మూడు వారాల పద్ధతిలో పాత ట్రాస్టుజుమాబ్ కిలో బరువుకు 6 మిల్లీగ్రాములు, ఎమ్‌టాన్సిన్ ఉన్నది 3.6 మాత్రమే. రెండింటినీ ఒకదాని బదులు ఒకటి ఇవ్వకూడదని మందు పత్రంలోనే హెచ్చరిక ఉంటుంది. మేము సీసా మీది పూర్తి పేరును ఇద్దరం విడివిడిగా పైకి చదివి, సెలైన్‌లోనే కలుపుతాము, గ్లూకోజులో కలపకూడదు. మొదటి డోసు 90 నిమిషాలు ఎక్కిస్తారు, అది సరిపడితే తరువాతివి 30 నిమిషాలలో పూర్తవుతాయి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అమ్మ బరువు 50 కిలోలు, అంటే డోసు 180 మిల్లీగ్రాములని లెక్క వేసుకున్నాను. మందు పూర్తి పేరు, ఆ లెక్క ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాశాను. సోమవారం డాక్టరుగారికి చూపించి సరిచూసుకుంటాను. జుట్టు సంగతి అమ్మకు చెప్పాను. కొబ్బరినూనె సీసా అడిగి తీసుకుంది.